ఆరు నెలలు ఊళ్లో ఉండం, కారును ఎలా వదిలి వెళ్లాలి?

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. అమ్మాయి పురుడుకని మే నెలాఖరున నేనూ మా ఆవిడా డల్లాస్ వెళ్తున్నాం. తిరిగి వచ్చేది నవంబరు చివర్లో. మా కారు ఐదేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, తాళంతో స్టార్టయ్యే రకం. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటుంది. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతానని వాచ్‌మన్ అంటున్నాడు. బ్యాటరీ వైరు పీకేస్తే చాలని పక్క ఫ్లాట్ ఆయన చెప్పారు. పెట్రోల్ నింపి ఉంచాలా, ఖాళీ చేయాలా? గుంటూరులో ఉండే మా తమ్ముడి కొడుకు నెలకోసారి వచ్చి చూడగలడు. ఏది చేయాలో, ఏది చేయకూడదో వివరంగా చెప్పండి.

జవాబు: వాచ్‌మన్‌కు తాళం ఇవ్వకండి. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ కారును కదపకుండా వారం వారం పది నిమిషాలు ఇంజన్ తిప్పడం, ఆరు నెలలు అసలు ముట్టుకోకపోవడం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. నడిపితే ఇంజన్ బాగా కాగేదాకా రోడ్డు మీద నడపాలి, లేకపోతే పద్ధతిగా మూసి వదిలేయాలి. రెండూ కాని మధ్య దారిలోనే కార్లు పాడవుతాయి.

కారణం ఇదీ. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. కారు పది ఇరవై కిలోమీటర్లు నడిస్తే ఇంజన్, సైలెన్సర్ రెండూ బాగా కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే సైలెన్సర్ చివరి భాగం వేడెక్కదు. నీరు అక్కడే మిగిలి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఆవిరి ఇంజన్ ఆయిల్‌లోనూ చేరుతుంది. ఇలా తిప్పుతూ పోయిన ఇంజన్‌కి ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూస్తే లేత గోధుమ రంగులో మీగడలాంటి పూత కనిపిస్తుంది. అది నీరు కలిసిన ఆయిల్. చల్లటి ఇంజన్‌లో సరిగా కాలని పెట్రోల్ కూడా కొంచెం కొంచెంగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. బ్యాటరీ అయినా నిలబడుతుందా అంటే, అదీ లేదు. వారం రోజుల్లో పోయిన చార్జి పది నిమిషాల ఐడిలింగులో తిరిగి రాదు. పైగా గాలి ఆడని సెల్లార్లో ఇంజన్ పొగ పక్కన నిలబడ్డ మనిషికి ప్రమాదం.

బ్యాటరీ లెక్క చూడండి. తాళం తీసేసి పక్కన పెట్టినా గడియారం, అలారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్ కలిసి మామూలుగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల కరెంటు తాగుతూనే ఉంటాయి. 30 అనుకుంటే రోజుకు 0.72 ఆంపియర్ అవర్, నెలకు 21.6. మీ కారు సైజుకు సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది కాబట్టి నెల తిరిగేసరికి సగానికి పైగా ఖాళీ. రెండో నెలలో పూర్తిగా పడిపోతుంది. పడిపోయి అలాగే ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది. తర్వాత ఎంత చార్జి పెట్టినా అది మునుపటిలా నిలబడదు. అందుకే మీ పక్క ఫ్లాట్ ఆయన చెప్పింది సరైన మాటే, కాకపోతే అదొక్కటే చాలదు.

తీయాల్సింది నెగటివ్ వైరు, అంటే మైనస్ గుర్తు ఉన్నది. ఎక్కువ కార్లలో 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. పాజిటివ్ ముందు విప్పబోయి స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలతో షార్ట్ అవుతుంది. నెగటివ్ ముందు తీస్తే ఆ భయం ఉండదు. తీసిన వైరు మళ్లీ పోల్ మీదకు జారకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టండి. పోల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక కొంచెం వాసెలీన్ రాయండి.

వైరు తీసే ముందు ఒక వరస పాటించాలి, మరిచిపోతే ఇబ్బంది పడతారు. కరెంటు లేకపోతే పవర్ విండోలు కదలవు, సెంట్రల్ లాక్ పని చేయదు, చాలా కార్లలో డిక్కీ కూడా తెరుచుకోదు. కాబట్టి అద్దాలన్నీ ఎక్కించి, మిగతా మూడు తలుపులూ లాక్ చేసి, డిక్కీలోంచి కావలసినవి బయటకు తీసుకుని, అప్పుడు బానెట్ ఎత్తి వైరు విప్పండి. డ్రైవర్ తలుపును తాళంతోనే వేయండి. ఆ స్పానర్ డిక్కీలో పెట్టి మూయవద్దు, నెలనెలా చూడటానికి వచ్చే మీ తమ్ముడి అబ్బాయికి ఇచ్చి వెళ్లండి.

వైరు తీసినా బ్యాటరీ తనంతట తాను నెలకు కొంత దిగుతుంది, మన ఎండలకు ఇంకాస్త ఎక్కువే. వీలైతే బ్యాటరీని పూర్తిగా విప్పి అబ్బాయి తన ఇంటికి తీసుకెళ్లి రెండు నెలలకోసారి చిన్న కార్ చార్జర్‌తో నింపడం అన్నిటికన్నా మంచిది. అంత శ్రమ అవసరమా అన్నది బ్యాటరీ వయసును బట్టి ఉంటుంది. కారు ఆపిన మర్నాడు ఉదయం, ఏదీ ఆన్ చేయకముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. బాగా చార్జి చేసిన తర్వాత కూడా 12.4 దాటకపోతే, లేదా బ్యాటరీకి నాలుగేళ్లు నిండి ఉంటే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వైరు తీసి వదిలేసి, వచ్చాక కొత్తది వేయించుకోండి. వెళ్లే ముందు మాత్రం కొత్త బ్యాటరీ కొనవద్దు. వారంటీలో ఆరు నెలలు ఊరికే కరిగిపోతాయి.

ఇక పెట్రోల్. ట్యాంకు నింపి ఉంచండి. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో ఖాళీ ఎక్కువ ఉంటే అందులో గాలీ, దాంతో పాటు తేమా ఎక్కువే. తేమ హద్దు దాటితే నీరూ ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి, పంపు లాగేది ఆ అడుగు నుంచే. నిండు ట్యాంకులో ఈ ఇబ్బంది చాలావరకు రాదు. నింపించేటప్పుడు గన్ దానంతట అది ఆగగానే చాలనండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కిస్తే, పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి ద్రవం పోయి అది పాడవుతుంది. పెట్రోల్ పాతబడి చెడకుండా ఆపే మందును ఫ్యూయల్ స్టెబిలైజర్ అని అమ్ముతారు. ఆరు నెలల గడువుకు, తాజా పెట్రోల్‌తో నిండిన ట్యాంకుకు అది తప్పనిసరి కాదు. వాడితే లాభమే. సీసా మీద చెప్పిన కొలతను ముందు ట్యాంకులో పోసి, దాని మీద పెట్రోల్ నింపించి, పది కిలోమీటర్లు నడిపితే ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది.

ఇంజన్ ఆయిల్ మార్చి ఐదారు నెలలు దాటి ఉంటే వెళ్లే ముందే మార్పించండి. తిరిగొచ్చాక మార్చుకుందాంలే అనుకుంటారు చాలామంది. వాడిన ఆయిల్‌లో తేమా, మంట నుంచి వచ్చిన ఆమ్లాలూ ఉంటాయి, అవి ఆరు నెలలపాటు బేరింగులను తింటూ కూర్చుంటాయి. గ్రేడు కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఉన్నదే వేయించండి. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి, తగ్గి ఉంటే ఉత్త కుళాయి నీళ్లు పోయవద్దు. మనకు అది గడ్డకడుతుందన్న భయం లేదు గానీ, తుప్పు ఆపే మందు పలచబడుతుంది.

అసలైన శత్రువు ఎలుక. సెల్లార్లలో పందికొక్కులూ తక్కువేమీ కాదు. ఎలుకకు పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. కదలని కారు బానెట్ కింద చీకటి, బానెట్‌కు అతికించిన మెత్తటి లైనింగు, కొరకడానికి వైర్లు, అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఇంజెక్టర్ వైరు, సెన్సర్ వైరు, వైపర్ నీళ్ల గొట్టం, ఏసీ ఫిల్టర్, ఇవి ముందు పోతాయి. ఒక్క వైరు తెగినా స్టార్ట్ కాకపోవచ్చు, అది ఎక్కడ తెగిందో వెతకడానికి మెకానిక్‌కు ఒక రోజు పడుతుంది.

ముందు తిండి తీసేయండి. సీట్లు వెనక్కి జరిపి పట్టాల సందుల్లో టార్చి వేసి చూడండి. బిస్కెట్ పొడి, వేరుశనగ గుళ్లు, ఎప్పుడో గుడి నుంచి వస్తూ పడిన కొబ్బరి ముక్క, ప్రసాదం పులిహోర మెతుకులు, ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. వాక్యూమ్ పెట్టండి. డాష్‌బోర్డు మీద దేవుడికి పెట్టిన పూలు, బంపర్‌కు కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ తీసేయండి. టిష్యూ పెట్టె కూడా వదలవద్దు, ఎలుక గూడుకు అంతకన్నా మంచి సరుకు లేదు.

తర్వాత దారులు మూయాలి. సైలెన్సర్ గొట్టం చివర అంట్లు తోమే స్టీలు పీచు గుప్పెడు కుక్కండి, లోపలికి జారిపోకుండా చివర బయటికి ఉండాలి. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి వెళ్లే గొట్టం నోటికి, వైపర్ల కింద కేబిన్‌లోకి గాలి పోయే జాలీకి పావు అంగుళం కన్నా చిన్న కన్నాల ఇనుప మెష్ కత్తిరించి కట్టండి. ఇంజన్ ఆపే ముందు ఏసీ గాలి మీటను లోపలి గాలి తిరిగే వైపు పెడితే ఆ మూత కూడా పడి ఉంటుంది. ఇన్ని చోట్ల ఏమేం కుక్కారో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి స్టీరింగుకు కట్టండి. ఆరు నెలల తర్వాత గుర్తుండదు, స్టీలు పీచు తీయకుండా స్టార్ట్ చేయబోతే ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది.

పొగాకు కాడలు, కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి బానెట్ కింద పెట్టే అలవాటు మన వైపు ఉంది. వాసన ఉన్నన్నాళ్లు కొంత పని చేయవచ్చు, ఆరు నెలలకు వాటినే నమ్ముకోకూడదు. అబ్బాయి వచ్చినప్పుడల్లా మారిస్తే సరే. కలరా ఉండలను కేబిన్‌లో మాత్రం వేయవద్దు. ఆ వాసన సీట్లకు పట్టి నెలలు వదలదు, పసిబిడ్డనో ముసలివాళ్లనో ఎక్కించలేరు. విషం అసలు వద్దు. తిన్న ఎలుక బ్లోయర్ గొట్టంలోకి దూరి చస్తే డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది. ఎలుక ఎక్కేది ఎక్కువగా టైరు మీద నుంచి కాబట్టి బోనును చక్రం పక్కన పెట్టి, రోజూ చూడమని వాచ్‌మన్‌కు చెప్పండి. ఆయన సాయం అక్కడ నిజంగా పనికొస్తుంది.

హ్యాండ్ బ్రేక్ వేసి వెళ్లకండి. జూన్ నుంచి నవంబరు దాకా గాలి నిండా తేమే. వెనక చక్రాల డ్రమ్ముకు బ్రేక్ షూలు ఒత్తుకుని ఆరు నెలలు ఉంటే తుప్పుతో అతుక్కుపోతాయి, బండి కదలదు. ఒకటో గేరులో వదిలి, ముందొక చక్రానికి, వెనకొక చక్రానికి రెండు వైపులా చెక్క దిమ్మలో ఇటుకలో గట్టిగా పెట్టండి. నేల వాలుగా ఉన్న చోట ఇలా వదలడం మంచిది కాదు, చదునైన చోటు అడిగి తీసుకోండి.

టైర్లలో గాలి మామూలు కన్నా పెంచండి. మామూలుగా 30 నుంచి 33 పీఎస్ఐ కొట్టించే కారుకు 40 కొట్టించవచ్చు, టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠం దాటకుండా. నెలకు ఒకటి రెండు పీఎస్ఐ దానంతట అదే దిగుతుంది. గాలి తగ్గిన టైరు ఒకే చోట ఆనుకుని ఉంటే ఆ భాగం చదునై, తర్వాత నడిపినప్పుడు దబదబమని కొట్టుకుంటుంది. నేలకు ఆనిన చోట నాలుగు టైర్ల మీదా సుద్దముక్కతో గీత గీయండి. అబ్బాయి నెలకోసారి ఇంకొకరి సాయంతో కారును న్యూట్రల్‌లో ఒక అర మీటరు నెడితే చక్రం పావు వంతు తిరుగుతుంది. గీత ఎక్కడికి వచ్చిందో చూసుకుంటూ నెలనెలా జరపడం సులువు. నెట్టే ముందు దిమ్మలు తీయడం, తర్వాత మళ్లీ గేరు వేసి దిమ్మలు పెట్టడం మరిచిపోవద్దనండి. ఇంజన్ స్టార్ట్ చేయనక్కర్లేదు.

అదే రోజు కారు కింద నేల మీద ఆయిలో నీళ్లో కారిన మరకలు ఉన్నాయా, బానెట్ కింద ఎలుక పెంటికలు కనిపిస్తున్నాయా చూడాలి. నల్లటి చిన్న గింజల్లా ఉంటాయి. కనిపిస్తే మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే గూడు వెతికి తీయించాలి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. కారు ఎక్కడ పెడుతున్నారన్నది బ్యాటరీ కన్నా పెద్ద ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని సెల్లార్లు నిండాయో మీరు చూసే ఉంటారు. మీరు ఊళ్లో ఉండని ఆరు నెలలూ సరిగ్గా వానలూ తుపానులూ పడే నెలలే. నేల మట్టానికి పైన ఉండే స్టిల్ట్ పార్కింగులోనో, ఎత్తు మీద ఉన్న చుట్టాల ఇంటి వాకిట్లోనో చోటు దొరికితే సెల్లార్ వదిలేయండి. వాకిట్లో పెడితే గాలి ఆడే గుడ్డ కవరు కావాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే కింద చెమ్మ నిలిచి పెయింటు ఉబ్బుతుంది. దుమ్ము మీద కవరు కప్పినా గీతలు పడతాయి, కడిగి ఆరాకే కప్పాలి. వేప, చింత లాంటి చెట్ల కింద మాత్రం వద్దు.

సెల్లార్ తప్పకపోతే, నీళ్లు వస్తున్నాయని తెలియగానే కారును పైకి నెట్టించే మనిషి ఎవరో ఇప్పుడే అనుకుని తాళం ఎక్కడుందో ఆయనకు చెప్పండి. నీళ్లలో మునిగాక మాత్రం ఎవరూ స్టార్ట్ చేసి చూడకూడదు. సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకోదు, పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చాలా పాలసీల్లో మునిగిన నష్టానికి డబ్బు వస్తుంది గానీ, మునిగిన తర్వాత స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజన్‌కు ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేకపోతే ఇవ్వరు. ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, లాగించుకుని వెళ్లడమే దారి.

ఇన్సూరెన్స్ గడువు ముగిసే రోజు ఈ ఆరు నెలల మధ్యలో ఉందేమో చూసుకోండి. ఉంటే వెళ్లే ముందే కట్టేయండి. అక్కడి నుంచి కట్టవచ్చు గానీ ఓటీపీ ఇక్కడి నంబరుకు వస్తుంది, ఆ సిమ్ బతికి ఉండాలి. సొంత నష్టం పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఇన్నేళ్లూ కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

వెళ్లే వారం పనుల వరస ఇలా పెట్టుకోండి. ఆయిల్ మార్పించి, లోపలా బయటా కడిగించి, మ్యాట్లు తీసి ఎండబెట్టండి. మర్నాడు ట్యాంకు నింపి, టైర్లకు గాలి కొట్టించి, గన్నవరం దాకా వెళ్లి రండి. ఆ నలభై కిలోమీటర్లలో కడిగిన బ్రేకులు ఆరతాయి, సైలెన్సర్‌లో తేమ పోతుంది, బ్యాటరీ నిండుతుంది. తిరుగు దారిలో చివరి పది నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం గట్టిగా తిప్పండి. కూలింగ్ కాయిల్ మీది తడి ఆరకపోతే వానాకాలమంతా అక్కడ బూజు పెరుగుతుంది. ఎయిర్‌పోర్టుకు ఇదే కారులో వెళ్లి అబ్బాయితో తిరిగి పంపే ఆలోచన ఉంటే మానుకోండి, రాత్రి పూట హడావుడిలో ఈ పనులు సగమే జరుగుతాయి.

కేబిన్‌లో తేమ లాగడానికి సిలికా జెల్ ఒక కిలో తెచ్చి, రెండు నూలు సంచుల్లో కట్టి, ఒకటి ముందు, ఒకటి వెనక సీటు కింద పెట్టండి. నీరు పట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కారులో వద్దు. కారు నెట్టినప్పుడు ఒరిగితే ఆ ఉప్పునీరు కార్పెట్ కింది రేకును తినేస్తుంది. ఎలుకలున్న చోట అద్దాలు కొంచెం దించి ఉంచడం కూడా మంచిది కాదు. మ్యాట్లు ఇంట్లోనే ఉంచండి. వైపర్ బ్లేడ్లను అద్దానికి అతుక్కోకుండా పైకెత్తి పెట్టండి.

నవంబరులో వచ్చాక తొందరపడకండి. స్టీరింగు మీద కాగితం చూసి కుక్కినవన్నీ తీయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి లోపల గూడు లేదని చూడండి. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు చూశాక బ్యాటరీ బిగించండి. పూర్తిగా విప్పి ఉంటే ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత. తాళం ఆన్ దాకా తిప్పి ఐదు సెకన్లు ఆగి ఆపండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పెట్రోల్ పంపు లైన్లు నింపుతుంది. అప్పుడు స్టార్ట్ చేయండి. ఆయిల్ దీపం కొద్ది సెకన్లలో ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఎక్సలరేటర్ తొక్కి ఇంజన్‌ను గర్జింపజేయవద్దు, రెండు నిమిషాలు మామూలుగా తిరగనివ్వండి.

టైర్లలో పెంచిన గాలిని మామూలుకు దించాక, అపార్ట్‌మెంట్ గేటు దాటకముందే రెండు మూడు సార్లు బ్రేక్ తొక్కి చూడండి. డిస్కుల మీది పల్చటి తుప్పు కరకరమంటూ నాలుగైదు బ్రేకులకు పోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే మాత్రం రోడ్డెక్కవద్దు, మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. టైర్లు మొదట కొంచెం కొట్టుకోవచ్చు, పది ఇరవై కిలోమీటర్లు నడిచి వేడెక్కితే సర్దుకుంటాయి. అప్పటికీ స్టీరింగు ఊగుతుంటే టైర్లు చూపించండి. గడియారం, ఆటో విండో సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాలి. ట్యాంకులో పావు వంతు ఖర్చయ్యాక తాజా పెట్రోల్‌తో మళ్లీ నింపించండి.